చదును చేసిన నేల

మా అమ్మాయి పోయిన రోజు నేను ఐదో తరగతికి సామెతలు చెబుతున్నాను. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని బోర్డు మీద రాసి, పల్లం అంటే ఏమిటో ఎవరైనా చెప్పండి అన్నాను. ముందు బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. అప్పుడే బయట బ్రేకు చప్పుడు వినిపించింది. మా బడి గేటు తెరిస్తే రోడ్డే కాబట్టి అలాంటి చప్పుళ్ళు రోజూ వినేవాళ్ళం. ఆ పిల్ల జవాబు పూర్తిగా చెప్పింది. నేను "బాగా చెప్పావు" అన్నాను. ఆ తర్వాత వాచ్‌మన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

మూడో తరగతి వాళ్ళను మా కంటే ముందు వదులుతారు. మా అమ్మాయి రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మా వదిన టైలరింగ్ షాపులో నా కోసం కూర్చునేది. రోజూ వెళ్ళే దారే. ఆ రోజు అటు చేరలేదు.

దాన్ని మా హెడ్మాస్టరు గారు 'ఎందుకమ్మ' అని పిలిచేవారు. ఏం చెప్పినా 'ఎందుకు' అంటుందని. ముందు రోజు సాయంత్రం నేను పాఠం సిద్ధం చేసుకుంటుంటే ఆ సామెత చదివి, "నీళ్ళు పల్లానికే ఎందుకు పోతాయి? ఎక్కడానికి బద్ధకమా?" అని అడిగింది. తరగతిలో పిల్లలకు ఈ మాట చెప్పి నవ్విద్దాం అనుకున్నాను. చెప్పేలోపే వాచ్‌మన్ వచ్చాడు.

మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాక చూస్తే, నా చుట్టూ అందరూ మాటలు ఏరుకుని మాట్లాడుతున్నారు. మన భాషలో 'పోవడం' అనే మాట లేకుండా ఒక్క పూట గడపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కరెంటు పోతే లెక్కల టీచరు "కరెంటు పో..." అని ఆగి, "లైట్లు ఆగాయి" అనేది. వాచ్‌మన్ తాళంచెవి పారేసుకుని "తాళంచెవి కనబడుట లేదమ్మా" అని పద్యం చదివినట్టు చెప్పాడు. తరగతిలో ఒకడు "ఈ వ్యాసం రాయలేక చచ్చానురా" అన్నాడు. పక్కవాడు వాడి కాలు తొక్కాడు. వాడు "అమ్మా!" అని అరిచాడు. నేను విననట్టు పుస్తకం పేజీ తిప్పాను.

అది నా మీద ప్రేమే. నేను దానికి అలవాటు పడ్డాను.

ఆ రోడ్డు పక్కన ఇక బడి వద్దని తల్లిదండ్రులు పట్టుబట్టారు. పిల్లలందరి ఇళ్ళూ రోడ్డుకు అవతలే ఉన్నాయి. కొత్త స్థలం చూడడానికి నలుగురితో ఒక కమిటీ వేశారు. హెడ్మాస్టరు గారు, తల్లిదండ్రుల తరఫున మందుల షాపాయన, ఆఫీసు పంపిన ఇంజనీరు, నేను. నన్ను ఎందుకు వేశారో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. నాకు కావలసింది మాత్రం ఒక్కటే. బడికి రావడానికి ఏ పిల్లా ఆ రోడ్డు దాటకూడదు.

ముందు మా బడి వెనకాల మెరక చూశాం. ప్రభుత్వ స్థలం. ఇంజనీరు మడమతో రెండుసార్లు గట్టిగా తన్ని, "రాయి లాంటి నేలండీ. మనం కట్టింది మన మనవలు కూల్చాలన్నా కూలదు" అన్నాడు. గాలి బాగా వస్తోంది. హెడ్మాస్టరు గారు అప్పుడే ప్రార్థన ఎక్కడ, ఆటస్థలం ఎక్కడ అని చేత్తో చూపిస్తున్నారు.

"పిల్లలు రోడ్డు దాటే రావాలి కదండీ" అన్నాను.

ఆయన చెయ్యి కిందికి దిగింది.

మందుల షాపాయన వాదనకు దిగితే గోడైనా తప్పుకోవాలని మా ఊళ్ళో పేరు. దగ్గు మందు కొనడానికి వెళ్ళిన వాళ్ళతో కూడా దగ్గు గురించి వాదిస్తాడు. ఆయనే, "అవునమ్మా, అవునవును. మెరకైతే మాత్రం ఏం? వద్దు, వద్దే వద్దు" అన్నాడు. అంతటితో మెరక సంగతి ముగిసింది. మార్కెట్టు వెనకాల స్థలం ఇరుకని వాళ్ళే తీసేశారు.

ఒక మధ్యాహ్నం లారీల పెద్దాయన స్టాఫ్‌రూముకు వచ్చాడు. ఆయనకు ఎనిమిదో తొమ్మిదో లారీలున్నాయి. గడప దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, నిలబడే మాట్లాడాడు.

"ఆ లారీ నాది కాదమ్మా. ఎవరినైనా అడగండి. కానీ లారీ లారీయే. నాకు అన్నం సహించడం లేదు. అవతల ఇళ్ళ వెనకాల మా నాన్న వదిలిన స్థలం ఉంది. పిల్లలు రోడ్డు మొహం చూడక్కర్లేదు. ఊరికే ఇస్తాను, బడి కట్టుకోండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

ఆ స్థలం చూడగానే నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. ఒక పక్క ఇళ్ళ వరస, రెండో పక్క తుమ్మ చెట్లు. ఏ ఇంటి నుంచి చూసినా సందుల్లోంచే వచ్చేయవచ్చు. నేలంతా పచ్చగడ్డి, బల్ల పరిచినట్టు ఉంది.

"ఇంత సమంగా ఎలా ఉందండీ?" అన్నాను.

"చదును చేయించానమ్మా, మా లారీలతోనే" అన్నాడు పెద్దాయన.

"చదును చేసిన నేల" అన్నారు హెడ్మాస్టరు గారు, ఎవరో అడిగినట్టు.

ఇంజనీరు ఒక ఇనుప ఊచ తెచ్చాడు. దాన్ని నేలలోకి గుచ్చితే పెద్దగా బలం పెట్టకుండానే పిడికిలి దాకా దిగిపోయింది. ఇంకోచోట గుచ్చాడు. అక్కడా అంతే.

"మెత్తటి నేల. మొక్కలు బాగా వస్తాయి" అన్నాను.

అతను నా వైపు చూశాడు. "మొక్కలకు మంచిదేనండీ. కాకపోతే చదును అంటే, ఇక్కడ ఇదివరకు..."

"ఇంజనీరు గారూ, అటు కొలతలు చూద్దాం రండి" అని హెడ్మాస్టరు గారు అతని మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. మందుల షాపాయన తుమ్మ చెట్ల వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి చెట్టును చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు హెడ్మాస్టరు గారు నా పక్కన నడిచారు. "కొత్త బడికి ఎందుకమ్మ పేరు పెడదామనుకుంటున్నాం. అసలు పేరే లెండి" అన్నారు. నేను తల ఊపాను.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయన ఇక్కడే పుట్టి పెరిగారు, నీటి సరఫరా ఆఫీసులో పని చేస్తారు. రాత్రి భోజనాల దగ్గర స్థలం సంగతి చెప్పాను. పేరు సంగతీ చెప్పాను.

"నీకు నచ్చిందా?"

"నచ్చింది."

"అయితే సరే."

"మీరూ ఒకసారి చూసి రాకూడదా?"

"చిన్నప్పుడు చూశాను."

"అప్పుడెలా ఉండేది?"

ఆయన లేచి వెళ్ళి సింకు దగ్గర కుళాయి బిగించారు. అది కారడం లేదు. "అప్పుడు వేరేగా ఉండేది" అన్నారు.

పునాది రాయి వేసే తేదీ అనుకున్నారు. పేరు చెక్కిన పలక మీద కప్పడానికి గుడ్డ కావాలన్నారు. నేను తెల్ల గుడ్డ కొని మా వదిన షాపుకు తీసుకెళ్ళాను. వదిన మా ఆయనకు అక్క. నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని కూడా ఊరి కబుర్లన్నీ చెప్పగలదు.

"ఎంత పలకే మరదలా? కిటికీ పరదా అంతా, దిండు గలీబంతా?"

"దిండు గలీబంత."

"అంచు మడిచి కుట్టాలా?"

"కుట్టు."

"మీ హెడ్మాస్టరు చొక్కా కూడా పంపించమను, గుండీలు గట్టిగా కుట్టి ఇస్తాను. ఆ పొట్ట మీది గుండీ ఎప్పుడో ఎవరి కన్నో తీస్తుంది. అందునా ముందు వరసలో నువ్వుంటావు."

నేను నవ్వాను. నేను నవ్వడం చూసి ఆమెకు హుషారు వచ్చింది. మిషను తిప్పుతూ మాట్లాడుతోంది.

"రాయి మాత్రం లోతుగా నాటమను. ఆ పూడ్చిన గుంట మీద ఏ రాయి నిలబడి చచ్చింది గనక..."

మిషను ఆగింది.

"ఏమన్నావు వదినా?"

"నా నోరు పడ! ఏదో 'చచ్చింది' అని వచ్చేసింది. ఏమీ అనుకోకే."

"ఆ మాట కాదు. దాని ముందు మాట."

ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి చిన్న దిండుకు గుచ్చడం మొదలుపెట్టింది. అన్నీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

"అది కంకర గుంటే ఒకప్పుడు. ఈ పెద్దాయన తండ్రి రాయంతా తవ్వి అమ్ముకున్నాడు. తాటిచెట్టు నిలబెట్టినా తల కనపడేది కాదు. వానలకు నిండితే నీ మొగుడు దాంట్లో ఈత నేర్చుకుందామని దిగాడు. ఈత రాలేదు గానీ నీళ్ళు మాత్రం బాగా తాగాడు, జుట్టు పట్టుకుని నేనే లాగాను. తర్వాత ఈ కొడుకు, ఊళ్ళో కూల్చిన ఇళ్ళ చెత్తంతా లారీలతో తెచ్చి దాంట్లో పోసి, పైన మట్టి కప్పాడు. ఆ మూల ఎవరో షెడ్డు వేస్తే రెండు వానలకే గోడ నోరు తెరిచింది. అది కూడా తీసేశారు."

"నాకెవరూ చెప్పలేదేం?"

"ఎలా చెప్తారే? గుంట పూడ్చారు అని నీ మొహం మీద అనాలి. ఎవరికి నోరొస్తుంది?" ఆమె తెల్ల గుడ్డను ఒళ్ళో పెట్టుకుని దాని మీద దారప్పోగులు ఏరుతోంది. "నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. ఇన్నాళ్ళూ నానబెట్టాను చూడు. నేను అసలే అనలేను. ఆ రోజు అది రోడ్డు దాటి నా దగ్గరికే కదే వస్తోంది."

మిషను పక్కన మా అమ్మాయి కూర్చునే పీట అలాగే ఉంది. దాని మీద ఎవరిదో జాకెట్టు గుడ్డ మడిచి ఉంది. నేను వదిన భుజం మీద చెయ్యి వేశాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

అప్పటిదాకా విన్న మాటలన్నీ ఇంటికి వెళ్ళే దారిలో మళ్ళీ గుర్తు చేసుకున్నాను. 'చదును చేసిన నేల.' 'ఇక్కడ ఇదివరకు...' 'అప్పుడు వేరేగా ఉండేది.' నేను భాష చెప్పే టీచరును. మాటకు అసలు అర్థం, వాడుక అర్థం విడదీసి చెప్పడం నా పని. పూడ్చడం అంటే గుంటను నింపడం, మనిషిని మట్టిలో పెట్టడం. రెంటికీ ఒకటే మాట. రెండో అర్థానికి జడిసి, మొదటి అర్థం కూడా నా దాకా రానివ్వలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, ఆరిన బట్టలు మడత పెడుతున్నారు.

"అది కంకర గుంటని మీకు తెలుసా?"

ఆయన చేతిలోని తువ్వాలు మడత పూర్తి చేశారు. "తెలుసు."

"గోడలు పగిలే నేల అనీ తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం? అందులో కూర్చోబోయేది పిల్లలు."

"ఆ మాట నా నోటికి రాలేదు. ఆ రోజు నుంచి ఆఫీసులో కూడా రావడం లేదు. పైపు వేసిన గుంట పూడ్చండిరా అని పనివాళ్ళకు చెప్పాలి కదా. మట్టి వేసేయండి అంటున్నాను. వాళ్ళకు అర్థమై ఊరుకుంటున్నారు."

నేను పక్కన కూర్చుని ఒక చొక్కా చేతిలోకి తీసుకున్నాను.

"ఇంకో సంగతి" అన్నారు. "ఆ స్థలం చూసి వచ్చిన రోజు నువ్వు అన్నం పూర్తిగా తిన్నావు. అప్పటిదాకా ఎప్పుడూ సగం వదిలేసేదానివి. ఎలా చెప్పను?"

మిగిలిన బట్టలు ఇద్దరం కలిసి మడత పెట్టాం. అడుగున మా అమ్మాయి స్కూలు యూనిఫారం ఉంది. ఎవరూ వేసుకోకపోయినా ఆయన అప్పుడప్పుడు దాన్ని ఉతికి ఆరేస్తారు. దాన్ని నేనే మడత పెట్టాను. పెడుతూ, "మనం అమ్మాయిని పూడ్చాం" అన్నాను. ఆయన "అవును" అన్నారు.

కమిటీ మీటింగు హెడ్మాస్టరు గారి గదిలో జరిగింది. లారీల పెద్దాయనను కూడా పిలిచారు. స్థలం ఖాయం చేస్తూ హెడ్మాస్టరు గారు లేచి, "ఇళ్ళకు దగ్గరగా ఉన్న, చదును చేసిన..." అని మొదలుపెట్టారు.

"ఒక్క మాట సరిదిద్దుతాను" అన్నాను. "చదును చేసిన నేల కాదండీ, పూడ్చిన నేల. కంకర గుంటను చెత్తతో పూడ్చారు."

హెడ్మాస్టరు గారు కూర్చున్నారు.

"మీరందరూ ఆ మాట నా ముందు అనవచ్చు. నేను వినగలను" అన్నాను.

ఇంజనీరు బరువు దింపుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను మొదటి రోజే సార్‌కి చెప్పానండీ. అది ఇంకా దిగుతూనే ఉంటుంది. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. గోడలు నిలవవు. ఆ చెత్తంతా తవ్వి తీయాలి, లేదా గట్టి రాయి దాకా స్తంభాలు దింపాలి. అది మన వల్ల అయ్యే పని కాదు."

"సార్ మాకేం చెప్పారు?" అన్నాడు మందుల షాపాయన.

"పునాది విషయంలో కొంచెం జాగ్రత్త పడాలన్నారని చెప్పాను" అన్నారు హెడ్మాస్టరు గారు. "ఆయన చెప్పిందే. కాస్త మెత్తగా చెప్పాను."

"చేదు బిళ్ళ మింగించడానికి తేనె కావాలి సార్, ఒప్పుకుంటాను. మీరు బిళ్ళ తీసేసి తేనె ఒక్కటే నాకించారు."

"మీకు మాత్రం తెలియదా? మీ నాన్న షాపు ఆ గుంట పక్కనే కదా ఉండేది."

మందుల షాపాయన తల దించుకున్నాడు. "తెలుసు."

లారీల పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మోసం చేద్దామని కాదమ్మా. నాకున్నది ఆ స్థలమే. మీరు అడిగినప్పుడు ఆ మాట అనబోయాను. మీ మొహం చూసి చదును అన్నాను."

"తెలుసండీ. కూర్చోండి." ఈసారి ఆయన కూర్చున్నాడు.

ఆ స్థలం వద్దని రాసుకున్నారు. ఇక మిగిలింది మెరక. ఆ సంగతి అందరికీ తెలుసు. ఒకరు కిటికీ వైపు, ఒకరు బల్ల వైపు చూస్తున్నారు.

"వాదించండి" అన్నాను మందుల షాపాయనతో. "ఇన్నాళ్ళుగా నాతో ఎవరూ వాదించలేదు. మీరైనా వాదించండి."

"తర్వాత నన్ను తిట్టుకోకూడదమ్మా."

"తిట్టుకుంటాను. అయినా చెప్పండి."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "రోడ్డు ఇప్పుడూ దాటుతూనే ఉన్నారు. మెరక మీదైతే గేటు రోడ్డు మీదికి తెరుచుకోదు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చినా రోడ్డు చేరేలోపు నిదానిస్తారు. దాటే చోట నడక వంతెన వేయమని అడుగుదాం. నేల గట్టిది, నీళ్ళు నిలవవు. ఇంతకంటే మంచి స్థలం ఈ ఊళ్ళో లేదు. ఉంటే నేను చూపించేవాణ్ణి."

"వంతెన వేశాకే బడి కడదాం."

"అలా వేయరమ్మా. ముందు బడి ఉండాలి, అటూ ఇటూ దాటే పిల్లలుండాలి. అప్పుడు గానీ వంతెన రాదు."

"ముందు పిల్లలా?" అన్నాను.

ఆయన అంతకుముందులా 'అవునవును' అనలేదు. "నా మాట వెనక్కి తీసుకోను. నా మనవరాలూ రోడ్డుకు అవతలే ఉంటుంది. నాకూ భయమే" అన్నాడు.

అప్పుడే ఫ్యాను ఆగింది. "కరెంటు పోయింది" అన్నారు హెడ్మాస్టరు గారు. ఎవరూ ఉలిక్కిపడలేదు. వాచ్‌మన్ తలుపులు బార్లా తెరిచాడు. రోడ్డు చప్పుడు లోపలికి వచ్చింది. ఆ రోజుకు మీటింగు ముగించారు.

వదిన ఆ తెల్ల గుడ్డకు అంచు కుట్టి పంపింది. ఆమె షాపు ముందు, ఉదయం బడి మొదలయ్యే ముందు, సాయంత్రం బడి వదిలాక, నేనూ వాచ్‌మనూ ఎర్ర గుడ్డలు పట్టుకుని నిలబడి పిల్లల్ని దాటిస్తున్నాం. మూడో తరగతి వాళ్ళను వదిలే వేళకు నాకు ఐదో తరగతి ఉంటుంది. అప్పుడు వదిన మిషను ఆపి వచ్చి నిలబడుతుంది. లారీల పెద్దాయన తన డ్రైవర్లందరికీ అక్కడ ఆగి వెళ్ళమని చెప్పాడు. మిగతా లారీలు ఆగవు.

వంతెన కావాలని అడిగాం. జవాబు రాలేదు. మెరక సంగతి కమిటీ నా మాట కోసం ఆపి పెట్టింది. నేను ఇంకా అవుననలేదు, కాదనలేదు. కొత్త బడికి స్థలం ఇంకా ఖాయం కాలేదు.